మూత మీద పేరు రాస్తే ఏమవుతుందో నాకు తెలిసొచ్చింది

నాలుగు నెలల పని పోగొట్టుకుని, మళ్ళీ మొదటి నుంచి చేసుకొచ్చాను. నిన్ననే రెండోసారి డేటా చూశాను, బాగానే వచ్చింది. మంట చల్లారకముందే రాసేస్తున్నా.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఇంగ్లండులో మూలకణాల (శరీరంలో ఏ కణంగానైనా మారగలిగేవి) మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ చర్మం చిన్న ముక్క తీసి, ఆ కణాలను మూలకణాలుగా మారుస్తారు. జపాన్ శాస్త్రవేత్త యమనాకా 2006లో ఎలుక కణాలతో, 2007లో మనిషి కణాలతో చేసి చూపించిన పద్ధతే. ఇక్కడ హిప్‌సై అనే ప్రాజెక్టు వాళ్ళు ఇలా వందల మంది కణాలు దాచిపెట్టారు. 2017లో నేచర్ పత్రికలో వచ్చిన వాళ్ళ పేపర్లో 301 మందివి 711 లైన్లున్నాయి (లైను అంటే ఒకరి కణాల నుంచి విడిగా పెంచుకుంటూ వచ్చిన కణాల సంతతి). కణాల మధ్య కనిపించే తేడాల్లో 5 నుంచి 46 శాతం దాకా, అవి ఎవరి కణాలన్న దాన్నిబట్టే వస్తున్నాయని వాళ్ళు తేల్చారు. ఆ 301 మందిలో మనవాళ్ళ కోసం వెతక్కండి, దాదాపు అందరూ యూరప్ మూలాలవాళ్ళే. అది వేరే గొడవ. నేను 12 మంది దాతలవి, మనిషికి రెండు చొప్పున 24 లైన్లు తెప్పించుకున్నాను.

కణాలు తెప్పించుకునే ఒప్పందం కాగితం మా లీగల్ ఆఫీసులో ఐదు నెలలు మూలిగింది. మీకూ అదే పనైతే ఈమెయిళ్ళు పెట్టుకుంటూ కూర్చోకండి, వెళ్ళి బల్ల ముందు నిలబడండి. డేటా కోసం పెట్టిన అప్లికేషన్ తేలిగ్గానే అయిపోయింది. వయల్ (గడ్డకట్టించిన కణాలున్న చిన్న సీసా) కరిగించడం, కణాలు పెంచే ప్లేట్లో వేయడం ఎవరైనా నేర్చుకోవచ్చు. కాకపోతే ఈ కణాలకు రోజూ మీడియా, అంటే వాటికి తిండిగా పోసే ద్రవం, మార్చాలి. ఆదివారం లేదు, క్రిస్మస్ లేదు. "పాడిగేదె ఉన్న ఇల్లులాగుందే నీ చదువు, ఎక్కడికీ కదలడానికి లేదు" అంది అమ్మ ఫోన్లో. అయినా గొప్ప చెప్పుకోవాలంటే, నా చేతిలో ఇంతవరకూ ఒక్క ప్లేటుకి కూడా ఫంగస్ పట్టలేదు.

అసలు కథ ల్యాబ్ మీటింగులో.

ఏ జీను ఎంత పనిచేస్తోందన్న కొలతల్లో, ఒకే మనిషి నుంచి వచ్చిన రెండు లైన్లు ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. నా లెక్కల్లో ఇద్దరు దాతల దగ్గర అలా లేదు. అనుమానపడాల్సింది పోయి సంబరపడ్డాను. ఆ పెద్ద పేపర్ని నేనేదో సవరించబోతున్నానని ఊహ. 'దాతల మధ్య తేడా మనం అనుకున్నంత లేదు' అని స్లైడ్ మీద పెద్దక్షరాలతో రాశాను కూడా.

ల్యాబ్‌లో చేరి మూడు వారాలైన కుర్రాడు చెయ్యెత్తాడు. "ఈ దాత ఆడమనిషి కదా, మరి ఆర్‌పీఎస్4వై1 అంత ఎక్కువుందేంటి?"

అది వై క్రోమోజోము మీదుండే జీను. ఆడవాళ్ళ కణాల్లో ఉండే ప్రసక్తే లేదు. "నాయిస్ అయ్యుంటుంది" అన్నాను, అంటే కొలతలో దొర్లే చిల్లర తప్పు అని. ఆ మాట ఇప్పటికీ చెవిలో గింగురుమంటోంది. అతను ఇంకో గడి చూపించాడు. మగ దాత లైన్లో ఆ జీను సున్నా. ఎవరూ నవ్వలేదు, నవ్వినా బాగుండేది. ప్రొఫెసర్ లాప్‌టాప్ మూసి "వచ్చే వారం చూద్దాం" అన్నారు.

కణాలు పంపిన వాళ్ళదే తప్పని ఆ రాత్రే ఘాటుగా ఈమెయిల్ రాసుకున్నాను. పంపకపోవడం నా పూర్వజన్మ సుకృతం. నా ఆర్‌ఎన్‌ఏ డేటాలో కనిపించే డీఎన్‌ఏ తేడాలను, ఒక్కొక్కరి డీఎన్‌ఏ గుర్తుల పట్టీ అయిన దాతల జీనోటైప్‌తో పోల్చి చూస్తే ఇదున్నచోట అది, అదున్నచోట ఇది. ఫ్రీజర్లో మిగిలిన వయళ్ళు మాత్రం సరిగ్గానే ఉన్నాయి. అంటే తారుమారు చేసింది నేనే.

ఎలాగంటే, నేను కోడ్ రాసేది ప్లేటు మూత మీద. నాలుగక్షరాల కోడ్‌లు, అన్నీ ఒకేలా కనబడతాయి. మీడియా మార్చేటప్పుడు రెండు మూతలు తీసి పక్కపక్కనే బోర్లించాను. ఏ మూత ఏ ప్లేటుకైనా చక్కగా సరిపోతుంది! ఒకరోజు ఎడమది కుడిదానికి పెట్టేశాను, అంతే. మూత మీద రాస్తే ఇట్టే కనబడుతుందని నేర్పిన సీనియర్ ఇప్పుడెక్కడో ఫ్యాకల్టీ.

పేర్లు మార్చేసుకుంటే పోదా అని మీరనొచ్చు. ఆర్‌ఎన్‌ఏ వరకైతే నిజమే. కానీ మైక్రోస్కోప్ ఫోటోలున్నాయి. ఫోటోలో డీఎన్‌ఏ ఉండదు, మూత ఏ రోజు మారిందో నాకు తెలీదు. ఆ రెండే మళ్ళీ పెంచుదామంటే, వేరే నెలలో పెరిగినవి మిగతావాటితో పోల్చడానికి పనికిరావు. 24 లైన్లూ మళ్ళీ కరిగించాను.

ఇప్పుడు కోడ్ ప్లేటు గోడ మీద, అడుగున, రెండుచోట్లా రాస్తున్నా. హుడ్‌లో, అంటే కణాలతో పనిచేసే శుభ్రమైన గాలి పెట్టెలో, ఒకసారికి ఒక్క ప్లేటే. ఫ్రీజ్ చేసే ముందు ప్రతి లైనుకీ జీనోటైప్ పోల్చి చూస్తున్నా. సీక్వెన్సింగ్ (ఆర్‌ఎన్‌ఏ చదవడం) అయ్యాక చూసేవాళ్ళు ఈ తరహా పనికి పూనుకోకపోవడమే మంచిది.

నిన్న హీట్‌మ్యాప్, అంటే ఏ లైను దేనికెంత దగ్గరో రంగుల్లో చూపే పటం, తెరిచాను. ఏ దాత లైన్లు ఆ దాత పక్కనే, 12 జతలూ. ముందే నేను చూసుకున్నాను, అయినా ఆ కుర్రాణ్ణి పిలిచి "ముందు వై జీన్లు చూడు" అన్నాను. అతను వరసగా చూసుకుంటూ పోయాడు. మగవాళ్ళు ఐదుగురు, ఆడవాళ్ళు ఏడుగురు, అందరూ ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు.