రేడియేషన్ అయిపోయాక నోట్లో తెల్ల పొర

రేడియేషన్ అయిపోతే ఇంక మెల్లగా తింటారులే అనుకున్నాం, కానీ మా నాన్నకి అయిపోయాకే అసలు తిండి ఆగింది. మెత్తటి ఇడ్లీ వద్దు, మజ్జిగ కూడా మండుతోందమ్మా అంటారు. చూడ్డానికొచ్చిన వాళ్ళందరిదీ ఒకటే మాట, కరెంటు పెట్టారు కదా వేడి చేసింది, కొబ్బరినీళ్ళు తాగించండి అని. మా మేనత్తయితే తేనె, పసుపు రాయమంది. ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి బయట టిఫిన్ బండి దగ్గర నిలబడి వింటే పేషెంట్ల ఇళ్ళవాళ్ళు కూడా ఇదే అనుకుంటుంటారు, అంతా రేడియేషన్ ఎఫెక్టేనండీ అని. నాకు చిరాకు ఆ మాట మీదే.

టార్చ్ వేసి చూస్తే నాలుక మీద, బుగ్గల లోపల విరిగిన పాలు అంటుకున్నట్టు తెల్లగా ఉంది. డెంటిస్ట్ గాజుగుడ్డతో తుడిస్తే వచ్చేసింది, కింద ఎర్రగా పచ్చిగా ఉంది. క్యాండిడా అనే ఫంగస్ అన్నారు. చాలామంది నోట్లో మామూలుగా ఉండేదేనట, ఉమ్ము బాగా ఊరితే అదుపులో ఉంటుంది, మెడకి రేడియేషన్ ఇస్తే ఉమ్ము గ్రంథులు దెబ్బతిని నోరు ఎండిపోతుంది, ఇంక అది పెరిగిపోతుంది. కీమోలో తెల్లకణాలు పడిపోయినా, స్టెరాయిడ్స్ వాడినా అంతే. అందరికీ తెల్లగానే ఉండాలని కూడా లేదు, కొందరికి నోరంతా ఎర్రబడి పెదాల మూలలు పగులుతాయి.

రేడియేషన్ పుండ్లు వాటంతటవి మానాలి, టైం పడుతుంది. ఈ ఫంగస్‌కి మాత్రం మందుంది! రెండూ కలిసి కూడా ఉండొచ్చు, అందుకే ఎవరో ఒకరు నోరు తెరిపించి చూడాలి. నోటి వరకే అయితే క్లోట్రిమజోల్ పెయింటో నిస్టాటిన్ చుక్కలో ఇస్తారు. నాన్నకి మింగుతుంటే ఛాతీ లోపల నొప్పి అన్నారు కాబట్టి అన్నవాహికలోకి కూడా దిగి ఉంటుందని ఫ్లుకోనజోల్ మాత్రలు రాశారు, పై పూత అక్కడికి చేరదు కదా. ఆయన గుండె కోసం వార్ఫరిన్, అంటే రక్తం గడ్డకట్టకుండా ఉంచే మందు, వేసుకుంటారు, ఫ్లుకోనజోల్ దాని పవర్ పెంచేసి రక్తస్రావం అయ్యేలా చేస్తుంది, అందుకని వార్ఫరిన్ డోస్ తగ్గించి ఐఎన్‌ఆర్ అనే, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే టెస్టులు మళ్ళీ మళ్ళీ చేయించారు. పాత మందుల చీటీలన్నీ తీసుకెళ్ళండి ప్లీజ్.

గొడవంతా కట్టుడు పళ్ళ దగ్గరే. రాత్రి తీసేసి, తోమి, నానబెట్టాలి, లేకపోతే ఫంగస్ వాటి మీదే కూర్చుని మళ్ళీ వస్తుంది. అల్లుడి ముందు బోసినోటితో ఎలా అని ఆయన పంతం, ఇంకా నడుస్తోంది.

ఇప్పుడు పప్పన్నం మెత్తగా కలిపితే తింటున్నారు. ఉప్పు తెలియట్లేదంటారు, అది మాత్రం నిజంగా రేడియేషన్‌దే, నెలలు పడుతుందట.