కోడికి కుట్లేమిటన్నారు

మా చుక్కి ఇప్పుడు పెరట్లో బాగానే తిరుగుతోంది. కాస్త కుంటుతుంది. వీపు మీద అరచెయ్యంత మేర ఈకలు ఇంకా పూర్తిగా రాలేదు. అది బతుకుతుందన్న ధీమా కుదిరాక గాని నాకు ఇదంతా రాసే ఓపిక రాలేదు. కోపం మాత్రం మొదటిరోజు నుంచీ ఉంది.

మాది భీమవరం దగ్గర పల్లె. ఇక్కడ పుంజైతే పందేనికి, పెట్టైతే గుడ్లకీ కూరకీ. పుంజుకి బాదంపప్పు, జీడిపప్పు, ఖైమా పెడతారు, చెరువులో ఈత కొట్టిస్తారు, వేణ్ణీళ్ళ కాపడం పెడతారు. పెట్టకి గుప్పెడు నూకలు విసిరితే ఎక్కువ. మా చుక్కి పెట్ట, నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు. పిల్లగా ఉన్నప్పుడే తల్లి పొడిచి తరిమేస్తే మా పాప తెచ్చి అట్టపెట్టెలో పెంచింది. స్కూలు ఆటో చప్పుడు వినగానే గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చేది.

పోయిన శ్రావణమాసంలో ఓ మధ్యాహ్నం వీధికుక్క పిట్టగోడ దూకి వచ్చి పట్టుకుంది. నేను చీపురుకట్టతో పరుగెత్తేసరికి వదిలేసి పారిపోయింది. వీపు మీద చర్మం తోకదాకా చిరిగి వేలాడుతోంది. కింద ఎర్రటి కండ కనబడుతోంది. తొడ మీద పంటి గాట్లు. విచిత్రం ఏమిటంటే అరవలేదు. కోడి నొప్పిని బయటపెట్టదు, బలహీనంగా కనబడితే తోటి కోళ్ళే పొడుస్తాయి కాబట్టి చివరిదాకా బాగున్నట్టే నిలబడుతుంది. ఇది తర్వాత తెలిసింది.

దుప్పట్లో చుట్టి టౌనుకి తీసుకెళ్ళాం. ఏసీ ఉన్న ఆసుపత్రి, వరసగా కుర్చీలు, ఖరీదైన కుక్కలు. డాక్టరుగారు దుప్పటి విప్పి చూసి నవ్వారు. "కోడికి కుట్లేమిటండీ? దీని ఖరీదు కంటే దారం ఖరీదు ఎక్కువ. ఇంటికి తీసుకెళ్ళి కోసేసుకోండి. మందులు పడితే మళ్ళీ తినడానికి పనికిరాదు." మా పాప నా పక్కనే ఉంది. ఆయన ముట్టుకోనైనా ముట్టుకోలేదు. కాంపౌండరు గేటు దాకా వచ్చి మసాలా సంగతి ఏదో అని తనూ నవ్వాడు. వైద్యం రాదంటే అర్థం చేసుకుంటాను. చాలామందికి కుక్కలూ గేదెలూ తప్ప పక్షుల వైద్యం అలవాటు ఉండదు. కానీ ఏడుస్తున్న పిల్ల ముందు, పెంచుకున్న ప్రాణాన్ని ఒళ్ళో పెట్టుకున్న మనిషితో అనే మాటా అది?

ఆటోలో మావారు కూడా "ఆయన చెప్పింది తప్పేముందిలే" అన్నారు. నేను మాట్లాడలేదు. ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదని ఆయనకి తెలుసు.

కుట్లు వేసింది మా వీధి చివరి బాబాయి. ఆయన పందేల మనిషి. సంక్రాంతి మూడు రోజులూ బరిలోనే ఉంటాడు, కత్తి దెబ్బ తిని గెలిచిన పుంజుల్ని అక్కడికక్కడే కుట్టి బతికిస్తాడని పేరు. కోడిపందేలంటే నాకు ఒళ్ళు మంట. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉండీ, హైకోర్టు వద్దన్నా, ఏటా కనుమకి మా ఊరి చుట్టూ టెంట్లు లేస్తూనే ఉంటాయి. ఆ విషయంలో ఆయనతో నాకు ఎప్పుడూ గొడవే. అయినా ఆయన గుమ్మానికే వెళ్ళాను.

బాబాయి ఒక్క మాట కూడా అనలేదు. "లోపలికి తీసుకురా అమ్మాయ్" అన్నాడు. ముందు దాని కళ్ళమీద నల్లగుడ్డ కప్పాడు. గుడ్డ పడగానే చుక్కి ఒళ్ళు వదులు చేసి కదలకుండా ఉండిపోయింది. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో రెండు చిన్న చెంచాలకి కొంచెం తక్కువ ఉప్పు కలిపించి, పుండంతా సిరంజితో కడిగాడు. చుట్టూ ఈకలు కత్తిరించాడు. బెటాడిన్‌లో నీళ్ళు కలిపి పలచగా అద్దాడు. వంకర సూదితో చిరుగును పైనుంచి కుట్టుకుంటూ వచ్చి, కింద మాత్రం కొంచెం వదిలేశాడు. అదేంటి బాబాయ్ అంటే, చీము దిగడానికి దారి ఉండాలన్నాడు. తొడ మీద గాట్ల జోలికి పోలేదు. "పంటి గాటు కుట్టకూడదు. లోపలి విషం లోపలే ఉండిపోద్ది. చిరుగే కుట్టాలి." డబ్బు ఇవ్వబోతే చేత్తో తోసేశాడు.

ఆ రాత్రి గురించి చెప్పాలి. వాన, కరెంటు లేదు. అప్పటిదాకా గంపలో అరవై వాట్ల బల్బు పెట్టి వెచ్చగా ఉంచాం, అదీ పోయింది. అర్ధరాత్రి దాటాక చూస్తే చుక్కి నోరు తెరిచి ఊపిరి తీస్తోంది, ప్రతి ఊపిరికీ తోక పైకీ కిందకీ ఊగుతోంది. జుట్టు ఎరుపు పోయి ఊదారంగుకి తిరిగింది. కోడి ఒళ్ళు మామూలుగానే మనకంటే వేడిగా ఉంటుంది, 41, 42 డిగ్రీల సెల్సియస్. అంతకుముందు దాన్ని ఎత్తుకుంటే చేతులు వెచ్చబడేవి. ఆ రాత్రి రెక్కకింద వేలు పెడితే చల్లగా తగిలింది. ఇంకా భయం పుట్టించింది ఏమిటంటే, పక్కటెముకల మీద చర్మం బుడగలా ఉబ్బి, నొక్కితే లోపల చిటపటమంటోంది.

మా చెల్లెలి స్నేహితురాలు తిరుపతిలో వెటర్నరీ చదివింది, ఇప్పుడు వేరే జిల్లాలో పనిచేస్తోంది. ఆ వేళప్పుడు ఫోన్ చేస్తే ఎత్తింది. విసుక్కోలేదు. వీడియోలో చూసి చెప్పింది: పక్షులకి ఊపిరితిత్తులే కాకుండా ఒళ్ళంతా గాలి సంచులు ఉంటాయట, కుక్క పన్ను దిగి ఒకటి చిరిగి ఉంటుంది, ఆ గాలే చర్మం కిందకి వస్తోంది. చాలావరకు దానంతటదే తగ్గుతుంది, బుడగ మరీ బిగిసి ఊపిరికి అడ్డం వస్తేనే పైచర్మానికి సూదితో చిన్న రంధ్రం చెయ్యాలి. ముందు వెచ్చదనం ముఖ్యం అంది. అత్తయ్య పొయ్యి వెలిగించి నీళ్ళు కాచింది, సీసాల్లో పోసి తువ్వాళ్ళు చుట్టి రెండు పక్కలా పెట్టాం. బుడగ తగ్గకపోగా బిగిసింది. సూది గుచ్చాల్సే వచ్చింది. టార్చి పట్టుకున్నది మావారే. వెలుగు వణుకుతోంటే "సరిగ్గా పట్టుకోండి" అని అరిచాను. గాలి సన్నగా బయటికి వచ్చింది. చుక్కి కన్ను మూసింది. కోడి కంటి రెప్ప మనలా పైనుంచి కాదు, కిందనుంచి పైకి లేస్తుంది. ఆ రెప్ప లేవడం చూసి పోయిందనుకున్నాను. మళ్ళీ దించింది. తెల్లవారుజాముకి నోరు మూసి ఊపిరి తీసుకుంది.

అత్తయ్య మావుళ్ళమ్మ తల్లికి మొక్కుకుంది. మా వైపు ఊరి అమ్మవార్లకి కోడిని మొక్కుతారు. కోడి కోసం మొక్కడం ఆవిడ కూడా ఎప్పుడూ వినలేదట. చీర, చలిమిడి అని మొక్కి, "కోడి అని మాత్రం అనలేదే" అని నాకు మళ్ళీ మళ్ళీ చెప్పింది.

అసలు అంతకుముందు అత్తయ్య కోడిని ఇంట్లోకే రానివ్వనంది. 2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరు వైపు బర్డ్ ఫ్లూ వచ్చి ఫారాల్లో కోళ్ళని పూడ్చేసిన దగ్గర్నుంచి ఆ భయం ఉంది. భయం తప్పని అనను. అందుకే చుక్కిని వెనక వరండాలోనే ఉంచాం, ముట్టుకున్నప్పుడల్లా సబ్బుతో చేతులు కడిగాం.

తర్వాతిదంతా రోజూ కడగడం, అద్దడం, యాంటీబయాటిక్. మోతాదు ఆ డాక్టరమ్మే బరువు అడిగి రాసింది. మధ్యలో పుండు కింద అంచున ఒకరకం వాసన వచ్చింది. వెతికితే తెల్ల పురుగులు. కడుపులో తిప్పింది గాని చిమటా పట్టుకుని ఒక్కొక్కటీ ఏరాను. వానాకాలంలో పుండుని ఈగకి అందనిస్తే ఇంతే. దోమతెర ముక్క గంప మీద కప్పకుండా ఒక్క గంట కూడా ఉంచకండి.

ఎవరికైనా ఇలాంటి అవసరం వస్తే ఇంకో రెండు మాటలు. నోరు తెరిచి మధ్యలో నీళ్ళు పొయ్యకండి, గాలిగొట్టం నాలుక మొదట్లోనే ఉంటుంది, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు పక్కనుంచి ఒక్కో చుక్కే ఇవ్వాలి. రెట్ట పచ్చగా, పలచగా వస్తుంటే కడుపులో మేత లేదని అనుమానించాలి. మా చుక్కికి అలాగే వస్తుంటే ఉడికించిన గుడ్డు పచ్చసొన పెరుగన్నంలో కలిపి పెట్టాం. కోడికి గుడ్డేమిటని పాప ఏడిచింది, చుక్కి మాత్రం ఇష్టంగా తింది. ఇంకొకటి, మందులషాపు అబ్బాయి నొప్పికని డైక్లోఫెనాక్ ఇవ్వబోయాడు. ఆ మందు పట్టిన పశువుల కళేబరాలు తినే రాబందులు చచ్చిపోయాయని 2006లో దాన్ని పశువులకి నిషేధించారు. కోళ్ళ మూత్రపిండాలకీ అది విషమే. డాక్టరమ్మని అడగకుండా ఉంటే నా చేత్తో నేనే చంపుకునేదాన్ని. ఏ మాత్రైనా పశువైద్యులు రాయందే వెయ్యకండి. మన రాష్ట్రంలో పశువైద్యానికి 1962 నంబరుకి ఫోన్ చెయ్యొచ్చు.

టౌను డాక్టరుగారికి చుక్కి ఫొటో పంపాలని పాప ఇప్పటికీ అంటుంది. వద్దన్నాను. ఆయనకి మేం గుర్తుండం కూడా.

దసరా దాటాక చుక్కి మళ్ళీ గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. చూడ్డానికి వచ్చిన బాబాయి దాన్ని ఎత్తుకుని, కుట్ల మచ్చ తడిమి, "ఇంత గట్టి ప్రాణం పెట్ట దొరకదమ్మాయ్. పుంజు పౌరుషం తల్లినుంచే వస్తుంది. మా డేగ పుంజుతో జతకట్టిద్దాం, పొదిగిస్తే ఒక పుంజు నాకివ్వు" అన్నాడు. నేను ఇవ్వనన్నాను. పెట్టలైతే ఎన్నైనా తీసుకెళ్ళమన్నాను.

ఆయన కోపగించుకోలేదు. "నీ కోడిని కుట్టిన చెయ్యి ఎక్కడ నేర్చుకుందనుకున్నావు?" అని నవ్వి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. పుంజునైతే ఇవ్వను.