విటమిన్ కె డోసుకు కిలోల లెక్క లేదు

గుంటూరు కొత్తపేట ల్యాబుల దగ్గర రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎసిట్రామ్ మాత్ర వాడేవాళ్ల ఇళ్లలోంచి తరచూ వినబడే ప్రశ్న: "ఐఎన్ఆర్ 7 వచ్చిందండీ, నాన్నగారు 90 కిలోలు, విటమిన్ కె ఎక్కువ పట్టదా?" పట్టదు. ఐఎన్ఆర్ అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె; అది మరీ పెరిగితే ఎసిట్రామ్‌కు విరుగుడు విటమిన్ కె. పెద్దవాళ్లలో చూసేది ఐఎన్ఆర్ ఎంత, రక్తం పోతోందా అన్నదే. 4.5-10 మధ్య ఉండి రక్తస్రావం లేకపోతే చాలామందికి డాక్టరు మాత్ర ఆపించి, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పరీక్ష చేయిస్తారు. 10 దాటితే నోటి ద్వారా విటమిన్ కె 2.5-5 మి.గ్రా.

ఆంపూల్ 10 మి.గ్రా. ఉంది కదా అని మొత్తం ఎక్కిస్తే, తర్వాత ఎసిట్రామ్ మళ్లీ మొదలుపెట్టినా వారం దాకా పట్టకపోవచ్చు. గుండెలో మెటల్ వాల్వ్ ఉన్నవారికి, అక్కడ రక్తం గడ్డకట్టవచ్చు గనక, అది ప్రాణం మీదికొచ్చే సంగతి. కండకు అసలు పొడవకూడదు, అక్కడే రక్తం గూడుకడుతుంది.

తీవ్ర రక్తస్రావమైతే విటమిన్ కె 5-10 మి.గ్రా. సెలైన్‌లో కలిపి 20-30 నిమిషాలు నెమ్మదిగా నరానికి ఎక్కిస్తారు. గబగబా ఎక్కిస్తే రియాక్షన్ భయం. పని మొదలవడానికి గంటలు పడుతుంది గనక తోడుగా పీసీసీ (రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లున్న ఇంజెక్షన్), అది దొరక్కపోతే ప్లాస్మా. బరువు తూచాల్సింది ఇక్కడే: ప్లాస్మా కిలోకు 10-15 మి.లీ., అంటే 60 కిలోల మనిషికి 600-900. గుండె బలహీనంగా ఉంటే ఆ నీరంతా ఊపిరితిత్తుల్లో చేరుతుంది, గుండె జబ్బు సంగతి డ్యూటీ డాక్టరుకు ముందే చెప్పండి.