దొంగ విరిచిన తాళం: స్కూటర్ ఇగ్నిషన్ లాక్ మార్చుకున్న అనుభవం

ఉదయం స్కూటర్ దగ్గరికి వెళ్ళేసరికి, రాత్రి ఎడమవైపుకు తిప్పి లాక్ చేసిన హ్యాండిల్ కుడివైపుకు వాలి ఉంది. తాళంచెవి దూర్చే సన్నని గాడి ఉండవలసిన చోట చిటికెన వేలి కొస పట్టేంత కన్నం ఏర్పడి, దాని అంచుల్లో ఇత్తడి రజను మెరుస్తోంది. స్క్రూడ్రైవర్ లాంటిదేదో సుత్తితో లోపలికి దిగగొట్టి బలంగా తిప్పారని చూడగానే తెలిసింది. మీటరులో దీపాలేవీ వెలగడం లేదు, హారన్ మోగడం లేదు. ఇంత చేసిన దొంగ బండిని ఎందుకు వదిలి వెళ్ళాడో మాత్రం ఆ క్షణాన నాకు అర్థం కాలేదు.

దేన్నీ కదిలించకముందే నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి, పోలీసులకు ఫిర్యాదు చేసి, బీమా వారికి తెలియజేశాను. బీమా వారు చూసేదాకా విప్పకపోవడం, విప్పిన తరువాత కూడా విరిగిన ముక్కలన్నిటినీ ఒక సంచిలో దాచి ఉంచడం మంచిది. ఆ పనులు పూర్తయ్యాకే పానాలు బయటికి తీశాను.

ఇగ్నిషన్ లాక్ అంటే ఒక్క తాళమే అనుకోవడం నేను చేసిన మొదటి పొరపాటు. పై భాగంలో తాళంచెవి పళ్ళకు తగినట్టు లేచి దిగే ఇత్తడి రేకులు ఉంటాయి. సరైన చెవి పడితేనే అవన్నీ ఒక వరుసలోకి వచ్చి లోపలి గొట్టాన్ని తిరగనిస్తాయి. మధ్యలో హ్యాండిల్‌ను బిగించే ఉక్కు చీల ఉంటుంది. అది పక్కకు పొడుచుకు వచ్చి స్టీరింగ్ కాండంలోని గాడిలో కూర్చుంటుంది. అడుగున విద్యుత్తును కలిపి తెంపే స్విచ్ ఉంటుంది. నా బండిలో ఇవి చాలవన్నట్టు సీటు తెరిచే కేబుల్ కూడా ఈ లాక్‌కే తగిలించి ఉంది. దొంగ దాడి చేసింది పైనున్న రేకుల మీదే అయినా, దెబ్బ తక్కిన వాటికి ఎంతవరకు పాకిందో చూసుకోకుండా తాళం ఒక్కటే మారిస్తే పని సగంలో ఆగినట్టే.

సీటు దగ్గరే తొలి చిక్కు ఎదురైంది. విద్యుత్తుకు సంబంధించిన ఏ పనికైనా ముందు బ్యాటరీ నెగెటివ్ తీగను విప్పాలి. నా బ్యాటరీ సీటు కింద ఉంది, సీటు తెరవాలంటే లాక్ తిరగాలి, ఆ లాక్ విరిగిపోయింది! చివరికి ముందు ప్యానెల్ స్క్రూలు ఒక్కొక్కటే విప్పి, ప్లాస్టిక్ కొక్కేలు విరగకుండా అంచు వెంట నెమ్మదిగా లాగి, లాక్ పక్కనుంచి పోయే కేబుల్ కొసను పట్టకారుతో పట్టి గుంజితే సీటు తెరుచుకుంది. బ్యాటరీని మీటరు పెట్టి చూస్తే 12 వోల్టులకు పైగా ఉండవలసినది 9 దగ్గర ఆగింది. దొంగ స్విచ్‌ను ‘ఆన్’ వరకు తిప్పగలిగాడు, అలాగే వదిలి పోయాడు; తెల్లవార్లూ దీపాలు వెలిగి బ్యాటరీ ఎండిపోయింది. స్విచ్ ఆన్ అయ్యాక కూడా ఇంజన్ ఎందుకు అందుకోలేదో ఆ తరువాతి రోజు గాని తెలియలేదు.

లాక్‌ను చట్రానికి పట్టి ఉంచే బోల్టులు రెండు. వాటికి స్పానర్ పట్టే తలలు లేవు. బిగించేటప్పుడు ఒక స్థాయి దాటగానే తల తెగి పడిపోయి, నున్నని గుండీ లాంటి మొండెం మాత్రమే మిగిలేలా వీటిని తయారుచేస్తారు. దొంగ విప్పకూడదని చేసిన ఏర్పాటు ఇది. దొంగ వాటి జోలికే పోలేదు, స్క్రూడ్రైవర్‌తో పని కానిచ్చాడు. ఆ ఏర్పాటుతో పూర్తిగా కుస్తీ పట్టవలసి వచ్చింది నేనే. మొండెం అంచున సెంటర్ పంచ్ అనే మొన తేలిన ఉక్కు కడ్డీని ఆనించి, గడియారం ముల్లుకు ఎదురు దిశలో సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేస్తే మొదటి బోల్టు పదిహేను నిమిషాల్లో కదిలింది. ఒకసారి కదిలాక వేళ్ళతోనే తిరిగి వచ్చేసింది.

రెండవది కదలలేదు. దాని మరలకు జిగురు మందు పూసి ఉన్నట్టుంది, పైగా సుత్తి ఆడించడానికి అక్కడ చోటు లేదు. వేడి చేద్దామంటే పక్కనే వైర్లు, ప్లాస్టిక్ ఉన్నాయి. చివరికి రక్షణ కళ్ళద్దాలు పెట్టుకుని, వైర్ల మీద, బ్రేకు గొట్టం మీద తడిగుడ్డ కప్పి, మొండెం నడిబొడ్డున పంచ్‌తో గుంట చేసి, 3 మిల్లీమీటర్ల బిట్టుతో నిదానంగా చిల్లు వేశాను. ఆ చిల్లులోకి, ఇరుక్కున్న బోల్టును లాగే ఎడమ మరల ఎక్స్‌ట్రాక్టర్‌ను దించి తిప్పితే, అది బిగిసేకొద్దీ బోల్టు వదులవుతుంది. ఇక్కడ తొందర పనికిరాదు. చిల్లు పక్కకు జరిగితే చట్రంలోని మరలు పాడవుతాయి, ఎక్స్‌ట్రాక్టర్ లోపల విరిగితే ఆ గట్టి ఉక్కును మామూలు డ్రిల్లు తొలచలేదు. ఆ బోల్టు వదిలేసరికి మధ్యాహ్నం దాటిపోయింది.

లాక్ చేతికి వచ్చాక, మొత్తం పనిలో నన్ను అన్నిటికంటే భయపెట్టిన విషయం బయటపడింది. హ్యాండిల్‌ను బలవంతంగా తిప్పినప్పుడు ఉక్కు చీల కొస తెగిపోయింది, దాని చుట్టూ ఉన్న పోత లోహం కూడా పెచ్చులుగా రాలింది. తెగిన కొస ఎక్కడ? టార్చి వేసి చూస్తే స్టీరింగ్ కాండానికీ చట్రం గొట్టానికీ మధ్య సందులో ఇరుక్కుని ఉంది. అది అలాగే ఉండిపోయి, బండి నడుస్తుండగా మలుపులో హ్యాండిల్ బిగుసుకుపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడానికి కూడా మనసొప్పలేదు. ఉక్కు ముక్కను అయస్కాంతంతో తీశాను. పోత లోహపు పెచ్చులు అయస్కాంతానికి అంటుకోవు కనుక వాటిని సన్నని పట్టకారుతో ఏరి, మిగిలిన రజనును వాక్యూమ్‌తో లాగేశాను. కాండంలోని గాడి అంచున లేచిన ముల్లును చిన్న ఆకురాయితో రాచి, హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు పదిసార్లు తిప్పి, ఎక్కడా పట్టడం లేదని నిర్ధారించుకున్నాకే ముందుకు సాగాను.

కొత్త లాక్ ఎంపికలో నా అజాగ్రత్త నాకే ఎదురు తిరిగింది. బండి కొన్నప్పుడు తాళంచెవులతో పాటు అంకెలు చెక్కిన చిన్న రేకు ముక్క ఒకటి ఇస్తారు. ఆ అంకెలు ఉంటే పాత చెవికే సరిపోయే లాక్‌ను తెప్పించుకునే వీలుంటుంది. ఆ రేకు ఎక్కడ పోయిందో నాకు తెలియదు. పాత లాక్‌లోని ఇత్తడి రేకులను తీసి కొత్త దానిలోకి మార్చే పద్ధతి కూడా ఉంది గాని, స్క్రూడ్రైవర్ దెబ్బకు నావి వంగిపోయాయి. ఇగ్నిషన్ లాక్ ఒక్కటే కొంటే పెట్రోలు మూతకు ఒక చెవి, బండికి ఒక చెవి మోసుకు తిరగాలి. అందుకని లాక్, పెట్రోలు మూత కలిసి వచ్చే సెట్టునే తీసుకున్నాను. తీసుకునే ముందు పాత లాక్ కనెక్టర్‌ను పక్కన పెట్టి పోల్చి చూడడం తప్పనిసరి. చూడడానికి ఒకేలా ఉన్నా, వేర్వేరు సంవత్సరాల మోడళ్ళకు వైర్ల సంఖ్య, అమరిక మారుతుంటాయి.

బిగించకముందే స్విచ్‌ను మల్టీమీటరుతో పరీక్షించాను. ‘ఆన్’లో బ్యాటరీ నుంచి వచ్చే వైరుకూ ఇగ్నిషన్‌కు పోయే వైరుకూ కలయిక ఉండాలి, ‘ఆఫ్’లోనూ ‘లాక్’లోనూ ఉండకూడదు. వైర్ల రంగులు తయారీదారును బట్టి మారుతాయి కాబట్టి సర్వీసు మాన్యువల్‌లోని పటాన్ని చూసే పోల్చుకున్నాను. బండి వైపు కనెక్టర్‌లో ఒక వైరు తోలు ఒలిచినట్టు ఉంది. దాన్ని టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాను. ఆ తరువాత లాక్‌ను తాత్కాలికంగా కూర్చోబెట్టి, ఛార్జి చేసిన బ్యాటరీ తగిలించి, కొత్త చెవి తిప్పాను.

దీపాలు వెలిగాయి, స్టార్టర్ తిరిగింది, ఇంజన్ మాత్రం అందుకోలేదు. మీటరులో చిన్న తాళంచెవి బొమ్మ మిణుకుమంటోంది. దొంగ ఎందుకు వదిలి వెళ్ళాడో నాకు అప్పుడు అర్థమైంది. లాక్ మెడ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ వలయం ఒక యాంటెన్నా. పాత చెవి తలలో దాగిన చిప్ సంకేతం దానికి అందితే తప్ప ఇంజన్ కంప్యూటర్ నిప్పురవ్వను అనుమతించదు. దొంగ ఆగిన మెట్టు దగ్గరే నేనూ ఆగాను. పాత చెవి తలను ఆ వలయానికి ఆనించి పట్టుకుని కొత్త చెవి తిప్పగానే ఇంజన్ అందుకుంది.

కొత్త చెవులలో చిప్ లేదు కనుక, పాత చిప్‌ను వాటిలో ఒకదానిలోకి మార్చే దారి ఎంచుకున్నాను. రెండు పాత చెవులలో తక్కువ వాడిన దాన్ని ముందు తీసుకున్నాను. పొరపాటున చిప్ పగిలినా రెండవది ఉంటుందన్న ధైర్యంతో. ప్లాస్టిక్ తలను జుట్టు ఆరబెట్టే యంత్రంతో కొంచెం వెచ్చచేసి, అతుకు వెంట బ్లేడు పెడితే, బియ్యపు గింజ కంటే కాస్త పొడవైన గాజు గొట్టం బయటపడింది. దాన్ని కొత్త చెవి తలలోని ఖాళీలో సిలికాన్ చుక్కతో అతికించి, ఒక రాత్రి ఆరనిచ్చాను. రెండవ పాత చెవిని ముట్టుకోలేదు. పనిచేసే చెవి ఒక్కటైనా చేతిలో ఉంటే సేవా కేంద్రంలో కొత్త చిప్‌ను నమోదు చేయించుకోవడం తేలిక; అన్నీ పోతే కొన్ని బండ్లకు కంప్యూటర్‌నే మార్చవలసి వస్తుంది.

తల తెగే బోల్టులను చిట్టచివరికి దాచుకోవాలని ఈ పాటికి నాకు బాగా తెలిసివచ్చింది. ముందు వాటిని వేలితో మాత్రమే బిగించి, హ్యాండిల్‌ను ఎడమవైపుకు తిప్పి కొత్త చీల గాడిలో నిండుగా కూర్చుంటోందా, చెవిని ‘ఆఫ్’కు తిప్పితే చీల పూర్తిగా వెనక్కి వస్తోందా, సీటు కేబుల్ లాగినప్పుడు కొక్కెం వదులుతోందా అని చూశాను. కేబుల్ కాస్త వదులుగా ఉంటే దాని నట్టు రెండు చుట్లు సర్దాను. అప్పుడు ఒకదాని తరువాత ఒకటి బిగిస్తూ పోతే, స్పానర్ కింద ‘టక్’ మని ఒక తల, మరికొంతసేపటికి రెండవ తల తెగిపడ్డాయి. లాక్ లోపల నూనె వేయకుండా గ్రాఫైట్ పొడి చల్లాను. నూనె దుమ్మును పట్టి రేకులను జిగటగా చేస్తుంది.

ప్యానెల్ బిగించాక ఒక స్క్రూ మిగిలింది. ఎక్కడిదో వెతికి పెట్టడానికి మళ్ళీ అరగంట పట్టింది. కొత్త సెట్టుతో వచ్చిన రేకు ముక్కలోని అంకెలను ఫోటో తీసి, ఆ రేకును సీటు కింద ఉండే బండి కాగితాలలో కాకుండా ఇంట్లో బీరువాలో పెట్టాను.