హాకీ గోల్‌కీపర్‌కి కోచింగ్ ఏం తెలుసు అన్నారు: నా అనుభవం

నిన్న సాయంత్రం రిజల్ట్ వచ్చింది. హాకీ కోచింగ్ సర్టిఫికెట్ కోర్సు పాసయ్యాను. ఇక మా ఏరియా అండర్-14 జట్టును నేనే చూసుకోవచ్చు. చాలా సంతోషంగా ఉంది. కానీ ప్రాక్టికల్ రోజు జరిగినదాని మీద కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

అప్లికేషన్, మెడికల్ ఫిట్‌నెస్ సులువుగా అయిపోయాయి. థియరీ కూడా అంతే, క్లాసులు శ్రద్ధగా వింటే చాలు. సర్టిఫికెట్ల దగ్గర మాత్రం జాగ్రత్త. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, టోర్నమెంట్ సర్టిఫికెట్లలో ఒక్క అక్షరమే ఉంటే కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. ముందే నోటరీ చేయించి పెట్టుకోండి.

ఇక ప్రాక్టికల్. చీటీలో వచ్చిన టాపిక్ మీద పిల్లలకి ఇరవై నిమిషాలు కోచింగ్ ఇచ్చి చూపించాలి. నాకు 'డి'లోకి (గోల్ ముందు గీసే అర్ధచంద్రాకారపు గీత లోపలికి) దాడి అనే టాపిక్ వచ్చింది. ఎగ్జామినర్ లిస్టు చూసి, "నువ్వు కీపర్‌వి కదా, కిట్ తెచ్చావా? అయితే గోల్‌లో నిలబడు, అందరి సెషన్లకీ పనికొస్తావు" అన్నాడు. పరీక్ష రాయడానికి వచ్చినవాణ్ణి తీసుకెళ్లి మిగతావాళ్ల పరీక్షకి సామాను చేశాడు. మధ్యాహ్నం ఎండలో ప్యాడ్లు, చెస్ట్ గార్డు, హెల్మెట్ వేసుకుని నిలబడ్డాను. ఒకరి తర్వాత ఒకరు వచ్చి పిల్లల చేత నా మీదకి బంతులు కొట్టించి, మార్కులు వేయించుకుని నీడలోకి వెళ్లి కూర్చున్నారు.

నా వంతు అందరికంటే చివర. ఆయన వాచీ చూసుకుని, "నీకు ఇరవై నిమిషాలెందుకు, పది చాలు. ఏదో ఒక కీపింగ్ డ్రిల్ చేయించెయ్. జీవితమంతా రెండు పోస్టుల మధ్య ఉన్నవాడివి, ఫార్వర్డ్ ఆట నీకేం తెలుస్తుంది?" అన్నాడు. నీడలో ఉన్నవాళ్లు నవ్వారు. వాళ్లలో చాలామంది నాకంటే పదేళ్లు చిన్నవాళ్లు.

"చీటీలో వచ్చిందే చేయిస్తాను సార్" అన్నాను.

ఆ ఎండలో నిలబడినంతసేపూ నేను పిల్లల్నే గమనించాను. 'డి'లోకి రాగానే అందరూ తల దించుకుని బంతినే చూస్తూ కొట్టేస్తున్నారు. హెల్మెట్ తీసి వాళ్లని దగ్గరికి పిలిచాను. "గోల్ వెడల్పు 3.66 మీటర్లు. నేను ముందుకు వచ్చేకొద్దీ మీకు కనబడే జాగా తగ్గిపోతుంది. నేను కాళ్లు కుదురుగా పెట్టుకున్నాక కొడితే ఆపేస్తాను. కదులుతున్నప్పుడే కొట్టండి" అని చెప్పాను. మళ్లీ గోల్‌లోకి వెళ్లి, వాళ్లు బంతి అందుకునేటప్పుడు ఒక చెయ్యి ఎత్తాను. ఏ చెయ్యో అరిచి చెప్పాకే కొట్టాలి. మొదట అందరూ తడబడ్డారు. ఏడో నంబర్ జెర్సీలో ఉన్న బక్కపిల్లాడు రెండోసారి వచ్చినప్పుడు తలెత్తి, "ఎడమ!" అని అరిచి, నేను అడుగు మారుస్తుండగా నా రెండు కాళ్ల మధ్యలోంచి కొట్టాడు. తర్వాత మిగతా పిల్లలకి కూడా అందింది. ఎగ్జామినర్ ఒక్క మాటా అనకుండా రాసుకున్నాడు. ఆ పది నిమిషాల సెషన్‌కి సాటి రాగల సెషన్ ఆ రోజు ఇంకొకటి లేదని గర్వంగా చెప్తాను.

అసలు కీపర్‌కి ఆట తెలియదనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? కిట్ వేసుకున్న కీపర్ ఆట నడుస్తుండగా తన గోల్ వైపున్న 23 మీటర్ల గీత దాటకూడదు. అంటే మ్యాచ్ అంతా మైదానాన్ని ఎదురుగా చూసేది అతనొక్కడే. పెనాల్టీ కార్నర్‌కి (తప్పు చేస్తే ఎదుటి జట్టుకి గోల్ కొట్టడానికి ఇచ్చే అవకాశం) గోల్ గీత వెనక నిలబడే ఐదుగురిలో ఎవరు పరిగెత్తాలో, ఎవరు పోస్టు దగ్గర ఆగాలో అరిచి చెప్పేదీ అతనే. భారత జట్టు కీపర్ శ్రీజేష్ 2024 పారిస్ ఒలింపిక్స్ కాంస్యంతో రిటైరై జూనియర్ జట్టు కోచ్ అయ్యాడు. అదే ఏడాది ఆయన కుర్రాళ్లు మస్కట్‌లో జూనియర్ ఆసియా కప్ ఫైనల్లో పాకిస్తాన్‌ను 5-3తో ఓడించారు. 2025 డిసెంబర్‌లో చెన్నైలో అర్జెంటీనాపై 4-2తో గెలిచి జూనియర్ ప్రపంచ కప్ కాంస్యం తెచ్చారు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా రజని కీపర్‌గానే భారత జట్టు దాకా వెళ్లింది. ఇవన్నీ చూశాక కూడా మన దగ్గర జూనియర్ జట్లలో పరిగెత్తలేని పిల్లాణ్ణి చూసి ప్యాడ్లు కట్టేస్తారు. ఆ అలవాటంటే నాకు ఒళ్లు మంట.

కోర్సుకి వెళ్లే కీపర్లకి ఒక మాట. కిట్ తీసుకెళ్లండి, కానీ మీ సెషన్ అయ్యేదాకా బ్యాగు విప్పకండి. టాపిక్ మార్చుకోమంటే ఒప్పుకోకండి.

మా ప్రాక్టీసు సోమవారం మొదలవుతుంది. ముందు ఇద్దరు కీపర్లను ఎంచుకుని ఆ తర్వాతే మిగతా జట్టు సంగతి చూస్తాను. పిల్లల సైజు కిక్కర్లు (కీపర్ బూట్ల మీద తొడుక్కునే ప్యాడ్లు), లెగ్ గార్డులు ఎవరి ఇంట్లోనైనా వాడకుండా పడి ఉంటే చెప్పండి, నేనే వచ్చి తీసుకెళ్తాను.