ఇడ్లీ పాత్రలో పీతలు

కాకినాడ నుంచి మండపీతలు వచ్చాయి, డెక్కలు కట్టేసి, ప్రాణంతోనే. ఇంట్లో అందరూ పులుసన్నారు. ఆవిరి మీదే ఉడికిద్దామని నేను పట్టుబట్టాను. ముందు అరగంట ఐసులో పెడితే మత్తుగా అయిపోతాయి. లేకపోతే వేడికి గింజుకుని కాళ్లు రాల్చేసుకుంటాయి, పాపం. ఇడ్లీ పాత్రలో వాటిని వెల్లకిలా పేర్చాలి, అప్పుడే రసం కారిపోకుండా డిప్పలో నిలుస్తుంది. ఇరవై నిమిషాల్లో ఆకుపచ్చ డిప్ప ఎర్రబడింది. ఆ ఎరుపు మొదటినుంచీ అందులో ఉన్నదే. మాంసకృత్తులకు అతుక్కుని ఉన్నంతసేపూ కనపడదు, వేడి తగిలితే విడిపోయి బయటపడుతుంది. కాస్త నిమ్మరసం, మిరియాల పొడి, అంతే. మసాలా లేకపోతేనే పీత తియ్యదనం తెలుస్తుందని నా గట్టి అభిప్రాయం. పులుసు పార్టీ వాళ్లు ఇంకా ఒప్పుకోలేదు గానీ, డెక్కలన్నీ ముందు వాళ్లే లాగించేశారు!