కొల్లూరు హైస్కూలు నుంచి అప్పాజీ దాకా

మాది కొల్లూరు అనగానే బయటివాళ్లు వెంటనే అడిగేది ఒకటే: కోహినూర్ దొరికిన ఊరేనా అని. ఆ కొల్లూరు పల్నాడులోది. మనది తెనాలి దగ్గరి కొల్లూరు. ఈసారి నుంచి ఎవరైనా అలా అడిగితే, సినిమా నటుడు గుమ్మడి వెంకటేశ్వరరావు గారు చదువుకున్న ఊరని చెప్పండి. ఈ సంచికలో ఆయన గురించి రాసే అవకాశం నాకు దక్కడం నా అదృష్టం.

ఆయన 1927 జూలై 9న రావికంపాడులో ఒక వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. సొంతూళ్లో ప్రాథమిక చదువు అయ్యాక పైచదువుకి కొల్లూరు హైస్కూలుకి వచ్చారు. ఇక్కడ చదువుతుండగానే నాటకంలో ముసలి రైతు వేషం కట్టారు. మీసం కూడా రాని పిల్లాడు ముసలాడిగా స్టేజీ ఎక్కితే చూసేవాళ్లు మామూలుగా నవ్వుతారు. ఆయన విషయంలో మాత్రం ఆ వేషం జన్మంతా వెంట వచ్చింది. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది ఇదే.

చదువయ్యాక ఊళ్లో నాటకాలాడారు, దుర్యోధనుడి వేషం వేశారు. తెనాలిలో ఫ్యాన్లు, రేడియోల షాపు పెట్టారు. అప్పటి తెనాలి చుట్టుపక్కల పౌరాణిక నాటకమంటే హార్మోనియం, పద్యం, రాగం, జనం నుంచి వన్స్‌మోర్! అలాంటి చోట పెరిగిన మనిషి సినిమాకి వెళ్లి, మాట తగ్గించి, గొంతు దించి నటించడం చిన్న సంగతి కాదు. 1950లో వచ్చిన ‘అదృష్టదీపుడు’తో మద్రాసులో తెర మీద కనిపించారు. తర్వాత కొన్నాళ్లు వేషాల కోసం ఎదురుచూపులే. ఎన్.టి.రామారావు గారు తన సొంత సంస్థలో తీసిన ‘పిచ్చి పుల్లయ్య’, ‘తోడుదొంగలు’ సినిమాల్లో వేషాలిచ్చి నిలబెట్టారు.

ఆ తర్వాత 1955లో ‘అర్ధాంగి’. జమీందారు పాత్ర. అప్పటికి గుమ్మడి గారికి ఇరవై ఏడేళ్లు. కొడుకుగా వేసిన అక్కినేని ఆయనకన్నా దాదాపు మూడేళ్లు పెద్ద. భార్యగా వేసిన శాంతకుమారి గారు ఏడేళ్లు పెద్ద. ఈ లెక్క తెలిశాక ఆ సినిమా మళ్లీ చూడండి. వయసు తేడా ఎక్కడా పట్టుకోలేరు. ‘మాయాబజార్’లోనూ అంతే. తనకన్నా నాలుగేళ్లు పెద్దయిన రామారావు గారు కృష్ణుడైతే, ఆయన అన్నగారు బలరాముడు. పొగిడితే ఇట్టే పొంగిపోతాడు, చెప్పుడు మాటలు వింటాడు, మేనల్లుడికిచ్చిన మాట పక్కన పెట్టేస్తాడు. అయినా ఆ బలరాముణ్ని మనం అసహ్యించుకోలేం. మన ఇళ్లలో అలాంటి పెదనాన్నలు లేరా? గట్టిగా అరిచినా మనసు మంచిదని పిల్లలకి తెలిసిపోయే పెద్దమనిషి తరహా అది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘మహామంత్రి తిమ్మరుసు’, 1962. హీరో పేరు కాకుండా ఆయన పాత్ర పేరే సినిమాకి పెట్టారు. రాజ్యాన్ని నిలబెట్టిన మంత్రి మీద నింద పడుతుంది, కళ్లు తీయించే శిక్ష పడుతుంది. మరో నటుడైతే అక్కడ గుండెలు బాదుకునేవాడు. ఈయన చేసిందల్లా రాయల్ని పెంచిన తండ్రి మనసుతో నిలబడడం. రాయలుగా వేసిన రామారావు గారు తిమ్మరుసుని ‘అప్పాజీ’ అని పిలిచినప్పుడు గుమ్మడి గారి ముఖం గమనించండి. పలికే ముందు ఒక్క క్షణం ఆగుతారు. ఎదుటివాడి మాట నిజంగా వింటున్నట్టు ఆగుతారు. ముసలితనం అంటే దగ్గు, వణుకు, చేతికర్ర అనుకునే నటులు చాలామంది. ఈయన దాన్ని వినడంలో చూపించారు. మా తెలుగు మాస్టారు క్లాసులో పాఠం ఆపి మరీ ఈ సంగతి చెప్పేవారు. అప్పట్లో మాకు అర్థం కాలేదు. ఇప్పుడు నాకూ తల నెరిశాక ఆయన చెప్పింది ఎంత నిజమో తెలుస్తోంది.

1977లో పద్మశ్రీ, తర్వాత రఘుపతి వెంకయ్య అవార్డు వచ్చాయి. వందల సినిమాలు చేశారు. తన జీవితాన్ని ‘తీపి గురుతులు చేదు జ్ఞాపకాలు’ అని పుస్తకంగా రాశారు. మన బడి లైబ్రరీలో ఆ పుస్తకం లేకపోతే ముందు అది తెప్పించాలి. రంగుల్లోకి మార్చిన ‘మాయాబజార్’ని చూసే అదృష్టం ఆయనకి కలిగింది. అది థియేటర్లకి రావడానికి నాలుగు రోజుల ముందు, 2010 జనవరి 26న హైదరాబాదులో కన్నుమూశారు.

పూర్వ విద్యార్థుల సంఘానికి నాదొక విన్నపం. ఏటా జూలై 9న మన బడిలో పిల్లల చేత ఒక నాటిక వేయిద్దాం. పెద్ద హంగులు అక్కర్లేదు, స్టేజీ, మైకు, మేకప్ మనిషి చాలు. ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను. నేర్పడానికి తెనాలి నుంచి ఎవరైనా అనుభవమున్న రంగస్థల కళాకారుణ్ని పిలిపించే పని మీలో ఎవరైనా తీసుకుంటే ఈ ఏడాదే మొదలుపెట్టొచ్చు.